రేకు మీది బొమ్మకు నలభై గడుల సంగీతం

కామారెడ్డిలో ఒక సర్రియలిస్టు బొమ్మను చూసి ఎలక్ట్రానిక్ సంగీతం కట్టిన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి టీ హోటల్లో చెప్పాను, రెండు పెళ్లిళ్లలో చెప్పాను, ఒకసారి బ్యాంకులో వరుసలో నిలబడి ముందున్నాయనకూ వెనకున్నాయనకూ కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే రెండో మనిషి ఉండాలి కదా, లేడు. సంగీతం నిడివి పదకొండు నిమిషాలని చెబుతుంటాను. ఎనిమిది.

ఇంకొన్ని లెక్కలు కూడా ఇక్కడే సరిచేసుకుంటే మంచిది. నాకు ఎనభై ఏళ్లని హోటల్లో అంటాను, ఎనభై అంటే లేచి కుర్చీ ఇస్తారు. డెబ్బై రెండు. స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం నడిపాను, అది నిజం. బ్యాండు మేళంలో మూడు వందల పెళ్లిళ్లకు కీబోర్డు వాయించానంటాను. నలభై ఉంటాయేమో. వాటిలో సగానికి నేను వాయించలేదు, మైకు కూయకుండా ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాను. దుకాణం మూసేశాక ఆ కీబోర్డును ఒక పాత కంప్యూటరుకు కలిపి, ఫోనులో హిందీ వీడియోలు చూసి, శబ్దాలను కోయడం, అతకడం, సాగదీయడం నేర్చుకున్నాను. రేడియో రిపేరు చేసినవాడికి అది కొత్త విద్యేమీ కాదు. రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆగినప్పుడు వచ్చే ఈల నాకు జోలపాట లాంటిది.

సర్రియలిజం అనే మాట మాత్రం నాది కాదు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన తన తండ్రిగారి పాత రేడియో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గోడ మీది బొమ్మ చూసి, పొంతనలేని వస్తువులను పొంతన ఉన్నట్టే పక్కపక్కన పెట్టి, కలలో చూసినట్టు గీసే పద్ధతిని అలా అంటారని చెప్పాడు. నలభై ఏళ్లుగా తెలిసినవాడిలా తల ఊపాను. ఆయన వెళ్లాక మరచిపోకుండా సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాను.

ఆ బొమ్మ గీసినాయన ఎల్లారెడ్డిలో ఉంటాడు. దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. చుట్టుపక్కల అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు, నేనూ అంటాను. ఆయన నన్ను భాయ్ అంటాడు, కోపమొస్తే రేడియో సాబ్ అంటాడు. నా దుకాణం బోర్డు రాయడానికి వచ్చినప్పుడు మొదలైన స్నేహం. అప్పట్లో దోమకొండ నుంచి మద్నూర్ దాకా ఆయన చేతి అక్షరం లేని బజారు లేదు. తెలుగు, ఉర్దూ, మద్నూర్ వైపు వెళితే మరాఠీ, మూడింటిలోనూ ఒక్కటే చేయి. తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆయన దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. "ఇప్పుడు బోర్డు మీద దుకాణం పేరు చిన్నగుండాలె, షావుకారి మొఖం పెద్దగుండాలె. నాకు మొఖాలు రావు," అన్నాడు, అంతే.

పని లేని ఆ రోజుల్లో గీసిందే ఈ బొమ్మ. అద్దె సైకిళ్ల దుకాణం పెడతానని ఒకతను బోర్డు రాయించుకుని, తీసుకుపోకుండానే గల్ఫుకు వెళ్లిపోయాడు. నాలుగు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు రేకు. దాని వెనక వైపు గీశాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగులే వాడాడు గనక ఆకాశమంతా పాత ఎస్టీడీ ఫోను బూత్‌ల బోర్డుల పసుపు. ఆ పసుపు కింద నిజాంసాగర్ డ్యాము గేట్లు, గేట్లలోంచి నీళ్లకు బదులు తెల్లటి బట్ట దూకుతూ ఉంటుంది. ఆ బట్ట కాలువలా పారి వరిపొలంలోకి వస్తుంది. అక్కడ బురదలో ఒక కుట్టుమిషను. అది కాలువను పొలానికి కుడుతూ ఉంటుంది, కుట్లు కూడా కనిపిస్తాయి. మడుల్లో నారుకు బదులు సీలింగు ఫ్యాన్లు మొలిచి ఉంటాయి. గుట్ట మీద ఖాళీ కుర్చీ, కాని దాని నీడలో మనిషి కూర్చుని ఉంటాడు. అన్నిటికన్నా అడుగున బర్రె. బర్రె కడుపుకు ఒక తలుపు.

ఎల్లారెడ్డి వాళ్లు చూసి జ్వరమొచ్చినప్పుడు గీశావా అని అడిగారట. నేను చూసినప్పుడు ఏమీ అడగలేదు. "అర్థమేందని అడగనోనివి నువ్వొక్కనివే," అని ఆయన బొమ్మ నా చేతిలో పెట్టాడు. లింగంపేట మీదుగా వచ్చే బస్సుకు టైమైపోతోందని అడగలేదు, అంతకుమించి లోతేమీ లేదు. ఇంటికి తెచ్చి, నాలుగు వేళ్ల వెడల్పు టేకు ఫ్రేము కట్టించాను. టేకు అని చెబుతుంటాను. వేప.

రెండేళ్ల కిందట షుగరుతో ఉస్తాద్ చూపు పోయింది. వెలుతురు ఏ పక్కనుందో తెలుస్తుంది, వేరేదేమీ తెలియదు. నేను శుక్రవారాలు వెళ్లి వచ్చేవాణ్ని. ఒక శుక్రవారం మధ్యాహ్నం, నమాజు నుంచి వచ్చి వసారాలో మంచం మీద కూర్చున్నాక, తనే ఎత్తుకున్నాడు.

"దుకాండ్ల బోర్డులన్ని యాదికున్నయి భాయ్. ఏ బోర్డుల ఏ అక్షరానికి ఎంత వంపు వెట్టిన్నో చెప్పమంటె చెప్త. గని అవన్ని వేరేటోళ్ల మాటలు. నా సొంతంది ఒక్కటే గీసిన. అదే పోతున్నది."

"పోవుడేంది ఉస్తాద్, మా ఇంట్ల గోడకున్నది కద."

"నీ గోడకున్నది. ఈడ పోతున్నది," అని నుదుటి మీద వేలు పెట్టుకున్నాడు. "ఒక మూల వట్టుకుంటె ఇంకో మూల జారుతున్నది. పోయినేడు మొత్తం కనవడ్డది. ఇప్పుడు సగమే. ఇంకో ఏడైతె ఏముండదు. జర జెప్పు, ఏమేమున్నయో వరసగ."

చెప్పడమంటే నాకు పండగ. గేట్లు చెప్పాను, బట్ట చెప్పాను, డ్యాము కట్ట మీద వాలిన కొంగలు చెప్పాను.

"కొంగలెన్ని?"

"ఏడెనిమిదుంటయి."

"నేను కొంగలు గీయలే," అన్నాడు ఉస్తాద్.

నిజమే, గీయలేదు. డ్యాము అనేసరికి కొంగలు వాటంతటవే వచ్చి నా నోట్లో వాలాయి.

"ఇగ నువ్వు చెప్పకు రేడియో సాబ్. నీ నోట్లకెళ్లి వచ్చెదాంట్ల నాదేదో నీదేదో నాకెట్ల తెలుస్తది? ఉన్నది గూడ కరాబైతది."

"పోనీ భాభీని అడగరాదు?"

ఆయన భార్య గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నన్నా? ఆ బర్రె కడుపుల తలుపు జూస్తేనె నాకు భయం. ఏనాడన్న సక్కగ జూసిన్నా," అంది.

ఉస్తాద్ మోకాళ్లు రాసుకున్నాడు. "మాటలొద్దు. నీ తాన వైర్లున్నయి, మిషన్లున్నయి. దాన్ని సప్పుళ్లతోని కట్టు. సప్పుడుకు అబద్ధమాడుడు రాదు."

రేడియోలు బాగుచేసినవాడెవడూ ఆ మాట ఒప్పుకోడు. కాని నేను ఒప్పుకున్నాను. తిరుగు బస్సులో కూర్చున్నాకే తెలిసింది ఏం ఒప్పుకున్నానో. ఒక మనిషి తన సొంత బొమ్మను పూర్తిగా పోగొట్టుకునేలోగా తిరిగి ఇచ్చే పని అది. ఇవ్వడానికి నా దగ్గరున్నది ఒక పాత కీబోర్డు, రెండు స్పీకర్లు, కామారెడ్డిలో ఎవరూ నమ్మని ఒక నోరు.

ఎక్కడ మొదలుపెట్టాలో చాలా రోజులు తోచలేదు. బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుంటే స్ఫూర్తి వస్తుందనుకున్నాను, నిద్ర వచ్చింది. ఒక ఉదయం కిటికీ ఎండ రేకు మీద ఏటవాలుగా పడినప్పుడు, రంగు కింద సన్నటి గీతలు కనబడ్డాయి. నిలువు గీతలు, అడ్డం గీతలు. అప్పుడు గుర్తొచ్చింది. బోర్డు రాసేవాళ్లు ముందు దారానికి నీలిమందు పూసి, ఈ కొసన ఒకరు ఆ కొసన ఒకరు బిగించి పట్టుకుని, మధ్యలో వేలితో మీటి వదులుతారు. రేకు మీద గీత పడుతుంది. అలా గడులు వేసుకుని, ఆ గడుల్లో అక్షరాలను కూర్చోబెడతారు. నా బోర్డు రాసినప్పుడు రెండో కొస పట్టుకున్నది నేనే. ఉస్తాద్ తన సొంత బొమ్మకు కూడా బోర్డుకు వేసినట్టే గడులు వేసుకున్నాడు. అర అడుగు గడులు, వరుసకు ఎనిమిది, అయిదు వరుసలు. నలభై.

గడికి పన్నెండు సెకన్లు అనుకున్నాను. పై వరుస మొదటి గడి నుంచి మొదలుపెట్టి, గడిలో ఏముంటే అదే వినిపించాలి, లేనిది వినిపించకూడదు. ఇంత కట్టుబాటు నా జీవితంలో దేనికీ పెట్టుకోలేదు.

పసుపు ఆకాశానికి రేడియో ఈలనే కంప్యూటరులో తయారుచేసి పరిచాను, వంపులేమీ లేని నున్నటి స్వరం. బట్ట దూకే గడులకు తడి దుప్పటిని మిద్దె మీద దులిపి ఆ చప్పుడు ఫోనులోకి ఎక్కించి, దాన్ని నాలుగింతలు సాగదీశాను. అది నీళ్లూ కాలేదు, బట్టా కాలేదు, రెంటికీ మధ్య ఒకటైంది. కుట్టుమిషను చప్పుడు పక్కింటి టైలరమ్మ ఇచ్చింది. ఫ్యాన్లకు మా హాల్లో ఫ్యానునే తీసుకుని, ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తులో నాటాను. ఖాళీ కుర్చీకి ఏమీ వినిపించకూడదు, కాని నీడలో మనిషున్నాడు. ఆంప్లిఫయరులో ఏ పాటా లేనప్పుడు కరెంటు చేసే సన్నటి గుర్రు ఉంటుంది చూడండి, అది పెట్టాను. ఎవరో ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. బర్రెకు ఊరి బయట దొడ్డిలో ఒక బర్రె ఊపిరి, దాని కడుపు తలుపుకు మా స్నానాల గది తలుపు కిర్రుమనడం.

మా కోడలు మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగో రోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. "మామా, మిక్సీ నడుస్తుందనుకొని వంటింట్లకు రెండుసార్లు వోయిన. ఇదేం పాట?"

"పాట గాదు. సర్రియలిజం."

"అయితె జర తలుపేసుకోండ్రి," అంది.

టీ హోటల్లో మాత్రం హైదరాబాదు నుంచి ఆర్డరు వచ్చిందని చెప్పాను. "ఏందే, గీ వయసుల డీజే పెడుతున్నవా?" అని ఒకతను అడిగితే, డీజే కాదు, విదేశాల్లో చీకటి గదుల్లో కూర్చుని వినే రకం అన్నాను. హైదరాబాదు నుంచి ఎవరూ అడగలేదు. అడిగింది ఎల్లారెడ్డి ఒక్కటే.

నెల తిరిగాక ఒక శుక్రవారం కంప్యూటరు, స్పీకర్లు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఉస్తాద్ తలదువ్వుకుని, కొత్త లుంగీ కట్టుకుని, మంచం మీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. భాభీ నాలుగు కప్పుల చాయ్ పెట్టింది, మేం ముగ్గురమే అయినా.

"ఎట్ల కట్టినవ్?" అని అడిగాడు.

గడుల సంగతి అక్కడ చెప్పి ఉండాల్సింది. కాని గడికి పన్నెండు సెకన్లు అని చెబితే అదేదో గోడకు సున్నం కొలిచినట్టుంటుంది. "కట్టుడేంది ఉస్తాద్. బొమ్మ ముందు కూసున్న. దానంతటదే చెవుల వడ్డది," అన్నాను.

ఎనిమిది నిమిషాలు విన్నాడు. మధ్యలో ఒకసారి తల పక్కకు వంచాడు, ఇంకోసారి చేయి ఎత్తి దించాడు. అయిపోయాక ముఖం స్పీకర్ల వైపు తిప్పాడు.

"ఎవరి బొమ్మ ఇది?" అన్నాడు.

"నీదే."

"మంచిగున్నది. అబద్ధమెందుకు, మంచిగనే ఉన్నది. గని నాది గాదు. నేను కుట్టింది ఎవరో ఇప్పుతున్నట్టున్నది." చెవి దగ్గర చేయి ఆడించాడు, దోమను తోలినట్టు. "ఇది విన్నంక నాకున్న సగం గూడ కలిసిపోయింది భాయ్. గేట్లు యాడున్నయో తెలుస్తలేదు."

నేను చాలాసేపు వాదించాను. సంగీతం అర్థం కావాలంటే చెవి అలవాటు పడాలన్నాను, పట్నంలో అయితే రెండుసార్లు వింటారన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో కప్పు చాయ్ కూడా నేనే తాగి వచ్చేశాను.

మూడు రోజులకు భాభీ ఫోను చేసింది. "భాయ్ సాబ్, మీరేం వినిపిచ్చిండ్రో గని, పొద్దుగాల లేస్తె గోడ దిక్కు తిరిగి కూసుంటుండు. వేలుతోని గాలిల ఏమో గీస్తడు, మల్ల తుడిపేస్తడు. సక్కగ తింటలేడు. మొన్నటిదాంక సగమన్న ఉండె అంటడు."

చూస్తానన్నాను.

ఎక్కడైనా గడి తప్పానేమోనని బొమ్మను గోడ నుంచి దింపాను. ఫ్రేము అంచుల గడులను రెండు వేళ్ల మేర మింగేసింది కనక, కొలవడానికి మేకులు పీకి ఫ్రేము ఊడదీశాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఫ్రేము కింద దాగిన రేకు పై అంచు మీద, గడి గడికీ ఎదురుగా, పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు. ఉర్దూ అంకెలు. నేను ఉర్దూ బాగా చదువుతానని చెప్పుకుంటాను. అంకెలే వచ్చు. ఆ రోజుకు అవి చాలు. ఒకటి కుడి చివర ఉంది. ఎనిమిది ఎడమ చివర ఉంది.

కుర్చీలో కూర్చున్నాను. ఉస్తాద్ చేయి ఉర్దూతో మొదలైన చేయి. నా బోర్డు రాసినప్పుడు కూడా తెలుగు వరుసకు తను ఎడమ కొసన నిలబడ్డాడు, ఉర్దూ వరుసకు నన్ను దారంతో పాటు ఎడమ కొసకు తోలి తను కుడి కొసన నిలబడ్డాడు. మూడు లిపులు రాసినా, తనకు తాను గీసుకున్నప్పుడు ఆయన కన్ను కుడి నుంచే బయలుదేరింది. కుడి మూలన గేట్లు, గేట్లలోంచి బట్ట, బట్ట ఎడమకు పారి మిషను కిందికి, మిషను దాటాక కుట్టిన పొలం, పొలంలో ఫ్యాన్లు. నేను బడిలో నేర్చుకున్న తెలుగు పలక లాగా ఎడమ నుంచి చదివాను. ప్రతి వరుసా తిరగబడి, పొలం మిషను కిందికి, బట్ట ఊడి గేట్లలోకి వెనక్కి పోతూ ఉంది. విప్పుతున్నారని ఆయన ఊరికే అనలేదు.

ఇందులో నా తప్పు ఎడమ నుంచి చదవడం కాదు. గడులతో కట్టానని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే, ఏ దిక్కు నుంచి లెక్కబెట్టావని ఆయన వెంటనే అడిగేవాడు. దానంతటదే చెవిలో పడిందని నేనన్నాను.

ముందు సులువు దారి చూశాను. కంప్యూటరులో మొత్తాన్ని వెనక్కి తిప్పే మీట ఉంది, నొక్కాను. చప్పుళ్లు కూడా తలకిందులయ్యాయి. కుట్టుమిషను గుటకలు మింగింది, బర్రె ఊపిరి లోపలికి మాత్రమే పీల్చింది. కోడలు పక్క గదిలోంచి, "మామా, ఇదివరకటిదే నయముండె," అంది. అది కాదు పద్ధతి. నలభై గడులనూ విడివిడిగా కోసి, చప్పుడును చప్పుడుగానే ఉంచి, ప్రతి వరుసనూ కుడి నుంచి మళ్లీ పేర్చాలి. అతుకుల దగ్గర ఒక గడి తోక ఇంకో గడి తలకు కలవదు, ప్రతి అతుకునూ మళ్లీ చేత్తో నున్నగా చేయాలి. మూడు నెలలు పట్టిందని చెబుతుంటాను. పదకొండు రోజులు. కాని ఆ పదకొండు రోజులూ హోటలుకు వెళ్లలేదు, ఇది మాత్రం ఎవరినైనా అడగండి.

రెండోసారి వెళ్లినప్పుడు ఉస్తాద్ తలదువ్వుకోలేదు. వద్దన్నాడు. "ఉన్నదన్న ఉండనీయి భాయ్."

"గడులతోని కట్టిన ఉస్తాద్," అన్నాను. "నీ నలభై గడులు. గడికి పన్నెండు సెకన్లు. దానంతటదే చెవుల వడలే, స్కేలు వెట్టి కొలిచిన. పోయినసారి ఎడమకెల్లి లెక్కవెట్టిన."

ఆయన ముఖం నా వైపు తిరిగింది. "ఎడమకెల్లి?"

"ఎడమకెల్లి."

"ముప్పై ఏండ్ల సంది నా ఎంబడి తిరిగినవ్. దారం కొస వట్టుకున్నవ్. ఎడమకెల్లి," అన్నాడు. నవ్వలేదు కాని, గడ్డం కదిలింది. "పెట్టు."

ఈ గడుల మాట చెప్పినందుకేమో, చెవితో పాటు చేయి కూడా పనిలోకి దిగింది. కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీద ఆనించి, చప్పుడు మారినప్పుడల్లా ఎడమకు జరుపుతూ వచ్చాడు. వరుస అయిపోగానే వేలు ఎత్తి, కుడికి తెచ్చి, కాస్త కిందికి పెట్టాడు. అలా చేయమని నేను చెప్పలేదు.

"గేట్లు," అన్నాడు. "బట్ట. బట్ట. ఆఁ, ఇంక బట్టనే." కుర్చీ గడికి వచ్చేసరికి కరెంటు గుర్రు వినిపించింది. "కూసున్నడు," అన్నాడు మెల్లగా. మూడో వరుసలో మిషను రాగానే భాభీ గడపలోంచి లేచి వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడింది. "కుడుతున్నది, కుడుతున్నది," అంటున్నాడు ఆయన, ఆమెకు చెబుతున్నట్టు. ఫ్యాన్లు లెక్కబెట్టాడు. ఎనిమిదీ దొరికాయి.

అయిదో వరుసలో వేలు ఆగింది.

"ఆపు. అదేం సప్పుడు?"

"తలుపు. బర్రె కడుపుది."

"తలుపుకు సప్పుడెందుకొచ్చింది?"

"తెరిచున్నది కద ఉస్తాద్. కిర్రుమన్నది."

"తెరిచి లేదు. మూసున్నది. నేను మూసిన తలుపే గీసిన."

నా నోటి దాకా వచ్చింది. తలుపు నాలుగు వేళ్ల మేర తెరిచే ఉంది, లోపల చీకటి నల్లగా పూసి ఉంది, ఆ నలుపు బ్రష్షు గీతలు కూడా నాకు తెలుసు. భాభీ నా వైపు చూసింది. తలుపు తెరిచుందో మూసుందో ఆమెకు తెలియదు, ఆమె చూస్తున్నది ఆయన వేలిని. వేలు ఆ గడి మీదే నిలబడి ఉంది, ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు.

"ఇంటికి వోయి చూస్త," అన్నాను.

వెళ్లి చూశాను. ఎండలో చూశాను, బల్బు పెట్టి చూశాను, భూతద్దంతో చూశాను. తలుపు తెరిచే ఉంది. ఉస్తాద్ మూసిన తలుపే గీయాలనుకుని, గీస్తూ గీస్తూ తెరిచాడో, చూపు పోయాక ఈ రెండేళ్లలో ఎప్పుడో లోలోపల మూసుకున్నాడో నాకు తెలియదు. గడిలో ఉన్నదే వినిపించాలి అని కట్టుబాటు పెట్టుకున్నాను. బొమ్మ ప్రకారమైతే కిర్రుమనాలి. నా జీవితంలో లేనివి ఎన్నో కలిపాను, కొంగలతో సహా. ఉన్నదాన్ని తీసేయడం ఎప్పుడూ చేయలేదు. కంప్యూటరులో తలుపు చప్పుడు ఒక్కదాన్నే ఎంచుకుని, తుడిపేసే మీట నొక్కాను. పన్నెండు సెకన్లలో బర్రె ఊపిరి మిగిలింది.

తరవాతి సంగతి హోటల్లో చాలా రకాలుగా చెప్పాను. ఉస్తాద్ ఏడ్చాడని చెప్పాను. సగం ఎల్లారెడ్డి వసారాలో చేరిందని, ఎవరో ఫోనులో వీడియో తీసి పెడితే పెద్ద పట్నాల నుంచి ఫోన్లు వచ్చాయని చెప్పాను. అవేవీ జరగలేదు. మేం ముగ్గురమే ఉన్నాం, భాభీ ఈసారి మూడు కప్పులే పెట్టింది. ఉస్తాద్ దుప్పటి మీద వేలు ఆనించి మొదటి గడి నుంచి వచ్చాడు. అయిదో వరుసలో ఆ గడి దగ్గర బర్రె ఊపిరి పీల్చింది, వదిలింది, ఇంకేమీ కాలేదు. ఆయన "ఆఁ" అన్నాడు. వేలు ఎడమ గడికి జరిగింది.